స్కోరు తెలిసిపోయాక పేజీ ఏం చూపించాలి? ఫుట్‌బాల్ మ్యాగజైన్ లేఔట్ లోపలి లెక్కలు

ఫుట్‌బాల్ మ్యాగజైన్ లేఔట్ చేయమని ప్రాజెక్టు ఇస్తే చాలామంది విద్యార్థులు కవర్ పేజీతో మొదలుపెడతారు. ఒక స్టార్ ఆటగాడి ఫొటో, దాని వెనక పొగ, కింద బరువైన అక్షరాల్లో పేరు. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే మొదలుపెట్టాను. వారం రోజులు కవర్ మీదే కూర్చున్నాను. తీరా లోపలికి వెళ్తే, మిగిలిన 23 పేజీల్లో ఏ పేజీ ఎందుకుందో నాకే తెలియలేదు. చేతిలో ఉన్న మ్యాటర్‌ని కాలమ్‌లలో పోసి, ఖాళీ మిగిలిన చోటల్లా బంతి బొమ్మ పెట్టి ఇచ్చేశాను.

తర్వాత పేజీలు పెట్టడమే పనిగా గడిపిన ఏళ్లలో ఒక విషయం బాగా తలకెక్కింది. ఫుట్‌బాల్ పత్రిక ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఫైనల్ విజిల్ మోగిన నిమిషానికే స్కోరు అందరి ఫోన్లలో ఉంటుంది. గోల్స్‌ని ఆ రాత్రే పదిసార్లు చూసేస్తారు. ఎవరు బాగా ఆడారు, ఎవరు చెడగొట్టారు అన్న వాదనలు కూడా మర్నాటికి చల్లబడతాయి. పత్రిక అచ్చయి చేతికొచ్చేసరికి ఫలితం పాత సంగతి. అందుకే ఏ పేజీ మొదలుపెట్టినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: మ్యాచ్ మొత్తం చూసినవాళ్లు కూడా గమనించనిది ఈ పేజీలో ఏముంది? ఫాంట్, రంగు, ఫొటో సైజు, వైట్ స్పేస్, అన్నీ దీని జవాబును బట్టి తేలుతాయి.

ఒకప్పుడు ఈ ఇబ్బంది లేదు. అర్జెంటీనాలో 1919లో ఎల్ గ్రాఫికో, జర్మనీలో 1920లో కిక్కర్ పత్రికలు మొదలైన రోజుల్లో, వేరే ఊళ్లో ఆడే ఆటగాడి ముఖం చూడాలంటే అచ్చుకాగితమే దిక్కు. పెద్ద ఫొటో ఒక్కటి వేస్తే ఆ పేజీకి పని అయిపోయినట్టే. ఇప్పుడు అదే ఫొటో అదే సైజులో వేస్తే, అందరూ చూసేసిన దాన్ని మళ్లీ అచ్చేసినట్టు ఉంటుంది.

కంప్యూటర్ తెరవకముందు

మొదటి పని ఫ్లాట్‌ప్లాన్. ఒక పెద్ద కాగితం మీద పేజీకో చిన్న పెట్టె గీసి, ఏ పేజీలో ఏముంటుందో రెండు మూడు మాటల్లో రాసుకోవడం. పెన్సిల్‌తో చేస్తే మంచిది, ఎందుకంటే కనీసం పదిసార్లు మారుతుంది.

ఇక్కడ పేజీల సంఖ్య మన ఇష్టం కాదు. సెంటర్ పిన్ కొట్టే పత్రికలో ఒక షీటును మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. కాబట్టి 16, 20, 24, 28, ఇలా నాలుగేసి చొప్పునే పెరగాలి. 22 పేజీల మ్యాటర్ ఉందంటే, రెండు పేజీలు పెంచాలి, లేదా రెండు పేజీలు కోయాలి. విద్యార్థి ప్రాజెక్టుకు 24 పేజీలు సరైన కొలత అని నా అభిప్రాయం. అంతకన్నా తక్కువైతే లయ చూపించడానికి చోటుండదు, ఎక్కువైతే చివరి పేజీలు తొందర తొందరగా ముగుస్తాయి.

ఏ4 సైజులో 24 పేజీలంటే, దానికి రెట్టింపు ఉండే ఏ3 షీట్లు ఆరు. అన్నిటికన్నా బయటి షీటు ఒకవైపు 24, 1 పేజీలు ఉంటాయి, రెండోవైపు 2, 23. ఏ షీటు ఏ వైపు చూసినా రెండు పేజీల నంబర్లు కలిపితే 25 వస్తుంది. ఇప్పుడు 8, 9 పేజీల స్ప్రెడ్, అంటే పత్రిక తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండు పేజీల జత, తీసుకోండి. కంప్యూటర్ తెర మీద అది ఒకే అడ్డపేజీ. ముద్రణలో మాత్రం 8వ పేజీ 17తో కలిసి ఒక షీటు మీద, 9వ పేజీ 16తో కలిసి ఇంకో షీటు మీద పడుతుంది. మడతలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే చాలు, రెండు పేజీల మీదుగా సాగే గీత మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది. పక్కపక్కనే ఉంటూ ఒకే షీటు మీద అచ్చయ్యేవి 12, 13 మాత్రమే. అదే సెంటర్ స్ప్రెడ్. మడతను దాటి కచ్చితంగా కలవాల్సిన బొమ్మ ఏదైనా ఉంటే దానికి చోటు అదే.

మిగతా పేజీల విషయంలో చూసుకోవాల్సింది లయ. నాలుగు పేజీలు నిండుగా మ్యాటర్ నడిస్తే ఐదోది ఊపిరి తీసుకోనివ్వాలి. ఒకే రకం బరువున్న స్ప్రెడ్‌లు మూడు వరసగా వచ్చాయంటే ఫ్లాట్‌ప్లాన్‌లోనే కనిపించాలి.

ఒక మ్యాచ్, ఒక గీత

ఇదంతా మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది. ఈ మధ్య ఒక విద్యార్థి చేసిన సెంటర్ స్ప్రెడ్‌ని దగ్గరగా చూద్దాం. ఆమె తీసుకున్న మ్యాచ్ 2022 డిసెంబర్ 18న ఖతార్‌లోని లుసైల్‌లో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఆడిన ప్రపంచకప్ ఫైనల్. ఫలితం తెలియనివాళ్లు లేరు: 3-3, తర్వాత పెనాల్టీ షూటౌట్‌లో అర్జెంటీనా 4-2. మొదటి డ్రాఫ్ట్‌లో ఆ అంకెలే పేజీ నిండా ఉన్నాయి, కింద మెస్సీ ఫొటో. అందరికీ తెలిసిందే పెద్దగా కనిపించింది. ఆ డ్రాఫ్ట్ పక్కన పెట్టి, మ్యాచ్ మొత్తాన్ని నిమిషాల లెక్కన ఒకే గీత మీద వేయమన్నాను.

రెండు ఏ4 పేజీలు కలిపితే వెడల్పు 420 మిల్లీమీటర్లు. నిమిషానికి 3 మిల్లీమీటర్లు ఇస్తే 120 నిమిషాలకు 360 పోతాయి. ఎడమ అంచు నుంచి 30 మిల్లీమీటర్లు వదిలి గీత మొదలుపెడితే, మడత సరిగ్గా 60వ నిమిషం మీద పడుతుంది. అర్జెంటీనా గోల్స్ గీతకు పైన, ఫ్రాన్స్ గోల్స్ కింద. 23వ నిమిషంలో మెస్సీ పెనాల్టీ, 36లో డి మరియా. ఎడమ పేజీలో ఇంతే. కింది సగం పూర్తిగా ఖాళీ.

ఆ ఖాళీని నింపేయాలని ఆమెకు గట్టిగా అనిపించింది. డిజైన్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. కానీ ఆ ఖాళీ మొదటి గంటలో ఫ్రాన్స్ ఎలా ఆడిందో చెప్పే సమాచారం. అక్కడ ఫొటో పెడితే అది కనపడకుండా పోతుంది. చివరికి అక్కడ ఒకే ఒక్క చిన్న గుర్తు మిగిలింది: 41వ నిమిషంలో, ఇంకా హాఫ్ టైమ్ కూడా కాకుండానే, ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ తన ఆటగాళ్లు జిరూని, డెంబెలెని బయటికి పిలిచేశాడు.

కుడి పేజీలో కథ తలకిందులైంది. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె 80వ నిమిషంలో పెనాల్టీ, 81లో ఇంకో గోల్. రెండింటికీ మధ్య 97 సెకన్లు. కాగితం మీద 3 మిల్లీమీటర్లు. రెండు గోల్స్ వివరాలూ ఆ ఇరుకులో పట్టవు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మామూలుగా అయితే గుర్తుల్ని కాస్త దూరం జరిపి సర్దేస్తాం. అలా జరిపితే ఆ స్ప్రెడ్‌కి ఉన్న బలం పోతుంది, ఎందుకంటే ఆ ఇరుకే ఆ మ్యాచ్. గుర్తులు ఉన్నచోటే ఉంచి, వివరాల్ని కిందికి దించి, సన్నని గీతలతో కలిపింది. తర్వాత 108లో మెస్సీ, 118లో ఎంబాపె పెనాల్టీ. 120 దాటాక కూడా గీత ఆగలేదు. 120 తర్వాత కలిపిన ఇంజురీ టైమ్‌లోని మూడో నిమిషంలో ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ కొట్టిన బంతిని అర్జెంటీనా గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ కాలు చాచి ఆపిన క్షణం కోసం మరో 9 మిల్లీమీటర్లు సాగింది. అక్కడ గోల్ పడలేదు కాబట్టి స్కోరు బోర్డులో ఆ క్షణానికి చోటు లేదు. ఈ గీత మీద ఉంది.

చూడండి, ఇందులో కొత్త సమాచారం ఒక్కటీ లేదు. నిమిషాలు, పేర్లు అందరికీ తెలిసినవే. కొలత ప్రకారం వేయడం వల్ల, 80 నిమిషాల పాటు ఒకవైపే ఉన్న ఆట ఎంత తక్కువ చోటులో తిరగబడిందో మొదటిసారి ఒకే చూపులో కనిపించింది.

పదకొండు చుక్కలు

అదే మ్యాచ్‌కి ఫార్మేషన్ బొమ్మ, అంటే ఆటగాళ్లు మైదానంలో ఎవరెక్కడ నిలబడతారో చూపించే బొమ్మ, కూడా కావాలి కదా. ఆ బొమ్మ ఈ పత్రికలకు ఎంత ముఖ్యమంటే, 1994లో ఇంగ్లండ్‌లో మొదలైన ఫోర్‌ఫోర్‌టూ పత్రిక తన పేరే 4-4-2 అనే ఒక ఫార్మేషన్ నుంచి తీసుకుంది. అయినా చాలా ప్రాజెక్టుల్లో అది అలంకారంగానే మిగిలిపోతుంది. ఆకుపచ్చ దీర్ఘచతురస్రం, దాని మీద ఒకే సైజు, ఒకే రంగు చుక్కలు పదకొండు. చదివేవాళ్లు ఒక్క క్షణం చూసి పేజీ తిప్పేస్తారు.

ఆ ఫైనల్‌లో అందరినీ ఆశ్చర్యపరిచిన నిర్ణయం ఒకటుంది. అర్జెంటీనా కోచ్ స్కలోని డి మరియాని ఎడమవైపు ఆడించాడు. మొదటి పెనాల్టీ వచ్చింది అతన్ని డెంబెలె పడేసినందుకు, రెండో గోల్ కొట్టింది అతనే. కాబట్టి పది చుక్కలు బూడిద రంగులో, ఎడమ అంచున ఒక్కటి నిండు రంగులో ఉంటే, ఆ బొమ్మ ఒక మాట చెబుతుంది. పదకొండూ ఒకేలా మెరిస్తే ఏదీ చెప్పదు.

చిన్న కొలత సంగతి. అంతర్జాతీయ మైదానాల మామూలు కొలత 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఆ నిష్పత్తి ఏ4 కాగితం నిష్పత్తి కన్నా పొడుగు. పేజీకి సరిపోవాలని మైదానాన్ని సాగదీస్తే, ఆట తెలిసినవాళ్లకు వెంటనే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. నిలువుగా 56 మిల్లీమీటర్ల వెడల్పులో గీస్తే ఎత్తు 86 పైచిలుకు వస్తుంది. అంత వెడల్పులో నలుగురు డిఫెండర్ల పేర్లు తెలుగులో పక్కపక్కన పట్టవు. చుక్కలో జెర్సీ నంబరు వేసి, పేర్ల పట్టిక పక్కన పెట్టడం మేలు.

ఫొటో నిజం చెబుతోందా

ఫుట్‌బాల్ ఫొటోల్లో బాగా పేరున్న ఒకటి 1982 జూన్ 13న బార్సిలోనాలో తీసింది. ఫొటోగ్రాఫర్ స్టీవ్ పావెల్. వీపు మనవైపు పెట్టి బంతితో నిలబడ్డ మారడోనా, ఎదురుగా బెదిరినట్టున్న ఆరుగురు బెల్జియం ఆటగాళ్లు. ఒక్కడిని ఆపడానికి ఆరుగురు కావలసి వచ్చినట్టుంటుంది. జరిగింది వేరు. అర్జెంటీనా ఫ్రీకిక్‌ని చిన్న పాస్‌గా మారడోనాకి అందించింది, అప్పటిదాకా ఫ్రీకిక్‌ని ఆపడానికి గోడగా నిలబడ్డ ఆరుగురూ అప్పుడే విడిపోతున్నారు. ఆ మ్యాచ్‌లో గెలిచింది కూడా బెల్జియమే, 1-0తో.

ఫొటోలో అబద్ధం ఏమీ లేదు. కానీ దాన్ని ఎక్కడ కోస్తామో, కింద ఏ వ్యాఖ్య రాస్తామో, పక్కన ఏ హెడ్డింగ్ పెడతామో, అవన్నీ కలిసి ఒక అర్థాన్ని తయారుచేస్తాయి. అది లేఔట్ చేసేవాళ్ల చేతిలో ఉంది. అందుకే ఫొటో వ్యాఖ్యను చివర్లో మిగిలిన జాగాలో ఇరికించే పనిగా చూడొద్దని గట్టిగా చెబుతాను. ఈ ఫొటో వేసినప్పుడు రెండు వాక్యాల వ్యాఖ్య లేకపోతే పేజీ తప్పుదారి పట్టిస్తుంది. వ్యాఖ్య ఉంటే, అందరికీ తెలిసిన ఫొటోలో ఎవరికీ తెలియని సంగతి దొరుకుతుంది.

ఇంకో తప్పు చాలా తరచుగా కనిపిస్తుంది. ఆటగాడు పేజీ బయటికి పరిగెడుతున్నట్టు ఉంటే బాగోదు, లోపలికి, మడత వైపు చూస్తుండాలి అని చెబుతారు. సరైన సలహానే. కానీ దానికోసం ఫొటోని అద్దంలోలా తిప్పేస్తారు. ఫుట్‌బాల్‌లో అది కుదరదు. జెర్సీ మీద 10 అంకె తిరగబడుతుంది, కెప్టెన్ పట్టీ చేయి మారుతుంది, ఎడమకాలితో ఆడే మెస్సీ కుడికాలి ఆటగాడైపోతాడు. ఫొటోని తిప్పకుండా, స్ప్రెడ్‌లో దాని చోటు మార్చండి. ఎడమ పేజీలోది కుడి పేజీకి వెళ్తే చూపు దానంతట అదే లోపలికి వస్తుంది.

మడతలో ముఖం పడకుండా చూసుకోవడం చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, నా మొదటి డమ్మీలో (ప్రింటు తీసి మడిచిన నమూనా పత్రికలో) గోల్ కొట్టబోతున్న బంతి మడతలోకి పోయింది. తెర మీద అది స్పష్టంగానే ఉంది. అచ్చులో గాల్లోకి తన్నుతున్న మనిషి మాత్రమే మిగిలాడు.

ఇక రెజల్యూషన్. రెండు పేజీలు నిండా ఫొటో వేయాలంటే, కోతకు చుట్టూ వదిలే 3 మిల్లీమీటర్ల బ్లీడ్‌తో కలిపి 426 బై 303 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 5031 బై 3579 పిక్సెళ్లు కావాలి. సోషల్ మీడియాలో దొరికే 1080 పిక్సెళ్ల వెడల్పు ఫొటో అదే లెక్కన 91 మిల్లీమీటర్లకే సరిపోతుంది, అంటే సగం పేజీ వెడల్పుకన్నా తక్కువ. దాన్ని పేజీ నిండా సాగదీస్తే ఎంత మంచి డిజైన్ అయినా నాసిగా కనిపిస్తుంది.

హక్కుల సంగతీ ఇక్కడే చెప్పాలి. క్లాసులో చూపించే ప్రాజెక్టే కదా అని ఏజెన్సీ ఫొటోలు వాడేసి, తర్వాత అవే పేజీలు పోర్ట్‌ఫోలియోలో నెట్‌లో పెడతారు. నెట్‌లో పెట్టడమంటే ప్రచురించడమే. వికీమీడియా కామన్స్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉన్న ఫొటోలు వాడి, తీసినవాళ్ల పేరూ లైసెన్సూ పేర్కొనండి. ఇంకా మంచిది, మీరే ఒక కాలేజీ మ్యాచ్‌కి వెళ్లి తీసుకోండి. గోల్ వెనక నిలబడి తీసిన ఫొటోలో ఆటగాళ్ల ముఖాలు కనిపిస్తాయి. పక్క నుంచి తీస్తే జెర్సీలే కనిపిస్తాయి.

గ్రిడ్, తెలుగు అక్షరం

పేజీని కాలమ్‌లుగా విభజించే కనపడని గీతల చట్రమే గ్రిడ్. అది పేజీని కట్టిపడేసే పంజరం అని కొందరు విసుక్కుంటారు. నాకైతే అది ఫార్మేషన్‌లా అనిపిస్తుంది. ఎవరు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెబుతుంది, తర్వాత కదలనిస్తుంది.

ఏ4 పేజీకి ఒక లెక్క చెబుతాను, చేసి చూడండి. లోపలి మార్జిన్ 20 మిల్లీమీటర్లు, బయటిది 14. మిగిలే వెడల్పు 176. దాన్ని 12 కాలమ్‌లు చేసి, మధ్యలో 4 మిల్లీమీటర్ల ఖాళీ ఇస్తే ఒక్కో కాలమ్ సరిగ్గా 11 మిల్లీమీటర్లు. వీటిని ఆరేసి కలిపితే 86 మిల్లీమీటర్ల కాలమ్‌లు రెండు, నాలుగేసి కలిపితే 56వి మూడు, మూడేసి కలిపితే 41వి నాలుగు. పెద్ద కథనానికి రెండు కాలమ్‌లు, మామూలు వ్యాసానికి మూడు, చిన్న వార్తలకూ గణాంకాలకూ నాలుగు. కాలమ్ వెడల్పు చూడగానే ఇది ఏ రకం పేజీయో తెలిసిపోవాలి. ఇందాక చెప్పిన మైదానం బొమ్మ 56 కాలమ్‌లో, 1080 పిక్సెళ్ల ఫొటో 86 కాలమ్‌లో చక్కగా కూర్చుంటాయి.

ఇంగ్లిష్ పత్రికల నమూనాలు చూసి తెలుగు పేజీ పెట్టేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. ఇంగ్లిష్‌లో 9 పాయింట్ల అక్షరానికి 11, 12 పాయింట్ల వరస దూరం చాలు. తెలుగులో గుడులు, దీర్ఘాలు పైకి, వత్తులు కిందికి వెళ్తాయి. అదే దూరం ఇస్తే పై వరస వత్తు కింది వరస గుడిని తగులుతుంది. 10 పాయింట్ల అక్షరానికి 15 దగ్గర మొదలుపెట్టి, "స్ట్రైకర్", "క్రిస్టియానో" లాంటి మాటలు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఆ దూరం తేలాక అదే బేస్‌లైన్ గ్రిడ్. అన్ని కాలమ్‌లలో వరసలు ఒకే ఎత్తులో కూర్చోవాలి.

రెండోది, మన మాటలు పొడుగు. "గోల్‌కీపర్లిద్దరినీ", "ఆడించాల్సివచ్చింది" లాంటివి 41 మిల్లీమీటర్ల కాలమ్‌లో రెండు వైపులా అంచు కలిసేలా సర్దితే మాటల మధ్య గుంటలు పడతాయి. ఇరుకు కాలమ్‌లలో ఎడమ అంచు మాత్రం కలిపి, కుడివైపు వదిలేయడమే అందం.

మూడోది హెడ్డింగ్. ఇంగ్లిష్ స్పోర్ట్స్ పత్రికల్లో కనిపించే నిలువుగా, బిగుతుగా ఉండే పెద్దబడి అక్షరాల ధాటి తెలుగులో రాదు. మనకు పెద్దబడి, చిన్నబడి తేడాయే లేదు. అక్షరాల మధ్య దూరం తగ్గించి ఆ బిగువు తేవాలని చూస్తే వత్తులు, కొమ్ములు గుద్దుకుంటాయి. తెలుగు హెడ్డింగ్‌కి బలం రెండుచోట్ల నుంచి వస్తుంది: అక్షరం మందం, మాటల పొదుపు. రామభద్ర లాంటి మందమైన ఫాంట్‌లో రెండు మాటల హెడ్డింగ్ పెట్టి చూడండి, పేజీ నిలబడుతుంది. అదే ఫాంట్‌లో తొమ్మిది మాటలు పెడితే నల్లటి ముద్ద అవుతుంది. లోపలి మ్యాటర్‌కి మండలి గానీ, నోటో సెరిఫ్ తెలుగు గానీ హాయిగా చదివిస్తాయి.

పేజీలు పెట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో చేస్తుంటే పేరాగ్రాఫ్ స్టైల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. పేర్ల జాబితా కూడా మొదటి రోజే రాసుకోవాలి. ఒక పేజీలో ఎంబాపె, ఇంకో పేజీలో ఎంబపే, మూడో పేజీలో మబాపె అని ఉంటే, డిజైన్ ఎంత బాగున్నా పత్రిక మీద నమ్మకం పోతుంది.

పట్టికలో దాగిన కథ

పాయింట్ల పట్టికను చాలామంది సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రూపంలోనే వదిలేస్తారు. నన్నడిగితే విద్యార్థి సత్తా తెలిసేది కవర్ దగ్గర కన్నా ఇక్కడే.

2011-12 ప్రీమియర్ లీగ్ చివరి పట్టిక తీసుకోండి. మాంచెస్టర్ సిటీ 38 మ్యాచ్‌లు ఆడి 28 గెలిచింది, 5 డ్రా, 5 ఓటమి, 89 పాయింట్లు. మాంచెస్టర్ యునైటెడ్ 38 ఆడి 28 గెలిచింది, 5 డ్రా, 5 ఓటమి, 89 పాయింట్లు. అంకెకు అంకె సమానం. టైటిల్‌ని తేల్చింది గోల్స్ తేడా, అంటే కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది: సిటీకి 64, యునైటెడ్‌కి 56. మామూలుగా అందరూ పాయింట్ల కాలమ్‌ని బోల్డ్ చేస్తారు. ఈ పట్టికలో అలా చేస్తే, పై రెండు వరసల్లో ఏ తేడా చూపించని కాలమ్‌నే ఎత్తి చూపినట్టు. ఇక్కడ బోల్డ్ కావాల్సింది గోల్స్ తేడా. మిగతా కాలమ్‌లు పలచటి బూడిద రంగులోకి వెనక్కి తగ్గాలి.

యునైటెడ్ వరసలో ఇంకో మెలిక ఉంది. వాళ్లు కొట్టిన గోల్స్ కూడా 89. అంటే ఒకే వరసలో 89 రెండుసార్లు వస్తుంది. కాలమ్‌ల మధ్య దూరం సరిగ్గా లేకపోతే ఏది గోల్స్, ఏది పాయింట్లు అని కన్ను తడబడుతుంది. గడులకు నాలుగు వైపులా గీతలు కొట్టడం దీనికి మందు కాదు. గోల్స్ కాలమ్‌లు ఒక గుంపుగా దగ్గరగా, పాయింట్లు కాస్త దూరంగా పెడితే గీతలు లేకుండానే విడిపోతాయి.

అంకెలు కుడి అంచుకు కలవాలి, ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు. దీనికి ఫాంట్‌లో అంకెలన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. పరీక్ష సులువు: 11111 అని టైప్ చేసి, కింద 88888 అని టైప్ చేయండి. రెండూ ఒకే పొడవు రాకపోతే ఆ ఫాంట్ పట్టికకు పనికిరాదు.

రంగు, అచ్చు

అర్జెంటీనా లేత నీలం, ఫ్రాన్స్ ముదురు నీలం. రెండూ నీలాలే కాబట్టి రంగు మీదే ఆధారపడితే సెంటర్ స్ప్రెడ్ గందరగోళమయ్యేది. పైన ఒక జట్టు, కింద ఒక జట్టు అని పెట్టడం వల్ల బతికింది. 1970 ప్రపంచకప్‌లో వాడిన టెల్‌స్టార్ బంతికి 12 నల్ల పంచభుజాలు, 20 తెల్ల షడ్భుజాలు పెట్టింది నలుపు తెలుపు టీవీల్లో బాగా కనపడాలనే. మన పేజీకీ అదే పరీక్ష పెట్టాలి. నలుపు తెలుపులో ప్రింటు తీస్తే ఏ జట్టు ఏదో తెలియాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టుకోలేని కళ్లున్నవాళ్లకి కూడా ఆ పేజీ అప్పుడే అందుతుంది.

తెర మీద మెరిసే గడ్డి పచ్చదనం సీఎంవైకేలోకి, అంటే అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతిలోకి, మార్చగానే మందగిస్తుంది. అది ప్రింటర్ తప్పు కాదు, ఆ పచ్చ నాలుగు సిరాలకు అందదు. ముందే మార్చి చూసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు. మ్యాటర్ అక్షరాలు ఒక్క నలుపు సిరాతోనే ఉండాలి. నాలుగు సిరాలు కలిపిన నలుపు మీద సన్నటి తెల్ల అక్షరాలు పెడితే, ఒక్కో సిరాకు వాడే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా పూడుకుపోతాయి.

ఇచ్చే ముందు అసలు సైజులో ప్రింటు తీసి, మడిచి, పిన్ను కొట్టండి. ఆ డమ్మీని ఇద్దరికి ఇవ్వండి, ఒకరు ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్లు, ఒకరు ఆట పట్టనివాళ్లు. ఏమీ వివరించకుండా పక్కన కూర్చుని, వాళ్ల వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి.

ఆ విద్యార్థి తన డమ్మీని ఫుట్‌బాల్ చూడని స్నేహితురాలికి ఇచ్చింది. ఆ అమ్మాయి 12వ పేజీలో గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా కదిపింది. 23, 36, మడత. మడత దాటిన 12 మిల్లీమీటర్లకు, 64వ నిమిషం దగ్గర డి మరియా బయటికి వెళ్లిన చిన్న గుర్తు ఉంది. అక్కడ ఆగింది. కుడివైపు కిక్కిరిసిన 80, 81 చూసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇతని బదులు ఎవరొచ్చారు?" అని అడిగింది. పేజీలో అకూన్యా అన్న పేరు ఉంది, అంతే. ఆ రాత్రి ఆ పేరు పక్కన ఒక్క మాట చేరింది: డిఫెండర్.